అతుకుల బుక్కు

నాకు అక్షరాలు పెండ్లి కార్డుల మీద వచ్చినయ్. చిన్నప్పుడు బడి మొకం సూడలే. అర్వై దాటినంక మా ముసలాయనకు కిడ్నీలు చెడినయ్. ఆయన నీరసంతోని పడి ఉంటే, గోళీల డబ్బ మీద ఏమున్నదో నేను చదవకుంటే దినం గడవని కాలమొచ్చింది. నేర్పింది ఆయననే. పుస్తకాలు మా ఇంట్ల యాడివి? పెండ్లి కార్డులు మాత్రం దేవుని గూట్ల కుప్ప ఉండె. పసుపు పెట్టిన కార్డును చెత్తల ఎయ్యద్దని ఏండ్లసంది దాసిన.

"ఒక్క కార్డు చదివినవంటే ఇబ్రహీంపట్నంల అయిన పెండ్లిలన్ని చదివినట్టే. మాటలన్ని గవే, ఇరుక్కునేటోని పేరే మారుతది," అన్నడు.

"మా అయ్యకు చదువొస్తే నీకు పిల్లనే ఇయ్యకపోయేటోడు," అన్న.

మా సంసారం మొదటిసంది గట్లనే నడిచింది, ఒకళ్లనొకళ్లు అనుకుంట, నవ్వుకుంట. కోపమొచ్చినా నవ్వే, ఏడుపొచ్చినా నవ్వే. వేరే విద్దె మాకు రాలే.

ఆ బుక్కు మా మనుమరాలిది. బొమ్మలు కత్తిరించి అతికి, కింద రాసుకరమ్మని బళ్లె చెప్పిండ్రంట. స్క్రాప్ బుక్కంట దాని పేరు. నల్లటి మందపు కాయితాలు. బడి పని అయిపోయినంక సగం ఖాళీ మిగిలితే నాకిచ్చింది, తెల్ల పెన్సిల్ తోని సహా. నేను దాన్ని అతుకుల బుక్కు అన్న. మైదపిండి ఉడికించి లై చేసుకున్న. ఎలక్షన్లప్పుడు గోడలకు కాయితాలు అంటబెడ్తరు సూడు, అదే లై.

ఊకె పొద్దుపోక అతికిన అనుకోవద్దు. వారంల మూడు దినాలు దవాఖానకు పోవాలె. మనిషి ఒంట్లె నెత్తురును బయటికి గుంజి, మిషిన్ల కడిగి, మల్ల లోపటికి ఎక్కిస్తరు. పొద్దున పోతే మాపటికి ఇల్లు. నేను బయట బెంచి మీద. లోపటికి పోయేటప్పుడు మనిషే పోతడు, వచ్చేటప్పుడు పిండిన బట్టొస్తది. పోయే దినం తెల్లారంగనే గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు.

"నేను రాను. ఇగ సాలు."

బతిమాలితే లేవడు. ఏడిస్తే అసలే లేవడు. కొడుకుకు కొంగరకలాన్ కంపెనీల షిఫ్టు పని, వాడు లీవు పెట్టి వచ్చి నిలబడితే వాని మీద కేకలేసేటోడు. నాకు దొరికిన ఉపాయం ఒక్కటే. నవ్విస్తే లేస్తడు. నవ్వినోడు సిగ్గుకైనా లేచి అంగీ తొడుక్కుంటడు. అందుకని ముందురోజే ఒక పేజీ తయారు చేసిపెట్టుకునేదాన్ని.

చౌరస్తాల ప్లాట్ల కాయితాలు పంచుతరు కద. ఒకదాని మీద నీలం నీళ్ల ఈతకొలను, గట్టు మీద నల్లద్దాలు పెట్టుకోని ఒక పోరి పండుకున్నది. ఆ వెంచర్ ఏసిన జాగ మాకు ఎర్కనే. అక్కడ బర్లు పండే బురద బొంద ఉండె. అతికి కింద రాసిన: "ఇదే బొంద. బర్రె మారింది."

చదివి ఎంత నవ్విండంటే దగ్గు పట్టింది. లేచిండు. పోయినం.

ఓట్ల కాయితం మీద లీడరు దండం పెట్టి నిలబడ్డడు. దాని కింద, "గెలిచినంక ఈ చేతులు జేబుల్లకు పోతయ్. జేబులు మనయి." దానికి గూడ లేచిండు.

అన్నిట్ల కష్టం దూప. నెత్తురు కడిగిచ్చుకునేటోళ్లు నీళ్లు తాగద్దు. దినమంత కలిపి చిన్న గిలాసెడు. ఎండకాలం పెదవులు పగిలి, నాలిక కర్ర లెక్క అయి కూసునేటోడు. నేను సల్లటి సీసల మీది కాయితాలు ఒలిచి తెచ్చి ఒక పేజీ నిండ అతికిన. మామిడి రసం, నిమ్మ సోడ, బాదం పాలు. పైన "మా హోటల్, అన్ని ఉచితం" అని రాసిన.

"ఇయ్యాల ఏం తాగుతవయ్య?"

"బాదం పాలు పొయ్యి. సల్లగుండాలె," అని ఆ కాయితం మీద ఏలు పెట్టి జుర్రుకున్నట్టు సప్పుడు చేసేటోడు.

నేను నవ్వేదాన్ని. అవతలికి పోయినంక నేను గూడ నీళ్లు తాగబుద్ధి కాకపోయేది.

ఇగ చావు కార్డుల సంగతి. దవాఖానల పక్క పక్క మంచాల మీద పండుకున్నోళ్లు సుట్టాల లెక్క అయితరు. ఒకడు రావుడు బంద్ చేస్తడు. తర్వాత వాళ్ల కొడుకో బిడ్డో వచ్చి బెంచి కాడ దశదిన కర్మ కార్డు చేతుల పెడ్తరు. ఆ కార్డును గడప బయటనే చదివి, చింపి, ఆన్నే పారెయ్యాలె. ఇంట్లకు తేవద్దు. ఇది మా దిక్కు పసిపోరికి గూడ ఎర్క. నాకు గూడ ఎర్కనే. కని కూడబలుక్కుంట, చెమట పట్టంగ చదివిన కాయితం. చింప చెయ్యి రాలే. చదువు చిన్నప్పుడే వచ్చినోళ్లకు అది అలవోకగ చింపొస్తది కావచ్చు. పైగ ఆ మొకాలు నాకు తెల్సు. తెచ్చి అతికిన, ముందే అతికిన పెండ్లి కార్డుల పక్కన్నే.

ముసలాయన చూసి భయపడలే. ఒక కార్డు మీద పక్క మంచమాయన ఉన్నడు. ఫోటో తీసే దుకాణపోళ్లు ఆయన మొకం కింద నల్ల కోటు, ఎర్ర టై అతికిండ్రు. మొకం గూడ సున్నమేసినట్టు తెల్లగ చేసిండ్రు.

"వీడు జిందగీల లుంగి ఇడువలే. కోటు యాడికెల్లి వచ్చిందే?"

"పైన ఇస్తరు కావచ్చు."

"అంటే కోటు తొడగాలంటే సావాలన్నట్టు!"

అదే మాట కింద రాసిన.

ఒకనాడు మా ఆడబిడ్డ వచ్చింది, మంచాల ఊరి నుంచి. ఆయనకు అక్క. బుక్కు తిరిగేసి మొకం నల్లగ చేసుకున్నది.

"ఏమే, నీకు బుద్ధున్నదా? పసుపు కార్డు పక్కకు పీనుగు కార్డా? ఎవరన్న ఇంట్ల పెట్టుకుంటరా? గందుకే మా తమ్ముడు లేస్తలేడు."

"అక్కా, కిడ్నీలు పోయింది ముందు, బుక్కు వచ్చింది ఎనుక. జర వరుస చూస్కో," అన్నడు మంచం మీదికెల్లి.

"నవ్వు, నవ్వు. నీ పెండ్లం నవ్విస్తది, యముడు గూడ నవ్వుకుంట వస్తడు."

"రానియ్ వదినె," అన్న. "దవాఖాన బెంచి మీద కూసోవెడ్త. నంబరు పిలిచేసరికి ఆయనకే విసుగు పుట్టి పోతడు."

ఆ దినం ఆయన కండ్లల్ల నీళ్లు వచ్చేదాక నవ్విండు. అదే ఆఖరి నవ్వని నాకు అప్పుడు తెల్వలే.

ఆ వానకాలం చెరువు నిండింది. ఆడబిడ్డ వచ్చిన తెల్లారి దవాఖానకు పోయి వచ్చుకుంట, ఆటోను చెరువు దిక్కునుంచి పోనియ్యమన్నడు. కట్ట కాడ ఆపిచ్చిండు. అవతలి ఒడ్డు కనబడకుండ నీళ్లు. జనం ఫోటోలు దిగుతున్నరు. ఆయన చానసేపు చూసి, "గన్ని నీళ్లు. నాకు గిలాసెడు," అన్నడు. నేను ఏమన్న అనాలె అప్పుడు. ఎతికిన. ఒక్క మాట గూడ దొరకలే. ఆటో ఆయన బండి తిప్పిండు.

తర్వాత పోయే దినం వచ్చింది. గోడ దిక్కు తిరిగిండు. కొడుకు మంచం పక్కన కూసున్నడు.

"బాపు, పోదాం పా. ఆటో వచ్చింది."

"ఆటోను పొమ్మను."

నేను బుక్కు తెచ్చిన. కొత్త పేజీ మంచిగ కుదిరిందని నా మనసుల ఉండె. డైటు కాయితం అతికిన, తినద్దన్నయన్ని రాసిస్తరు కద, అది. కింద, "మిగిలింది డాక్టరు మెదడు ఒక్కటే. అది గూడ ఉప్పు లేకుండ" అని రాసిన. చదివిండు. మల్ల ఒకసారి చదివిండు. బుక్కు మూసి నా ఒళ్లె పెట్టిండు.

"మంచిగనే రాసినవ్."

"నవ్వలేదేందయ్య మరి?"

"నవ్వితే లేపుతవ్. అందుకే నవ్వొస్తలేదు." ఎండిన పెదవులు నాకుకున్నడు. "దూపైతుందే."

కొడుకు నా దిక్కు చూసిండు. నేను వాని దిక్కు చూడలే. వంటింట్లకు పోయి చెంబు నిండ నీళ్లు ముంచుకొచ్చిన. గిలాస కాదు, చెంబు. తల కింద చెయ్యి పెట్టి లేపిన. గటగట తాగిండు. గదువ మీదికెల్లి కారి అంగీ తడిసింది. తాగి, కండ్లు మూసుకోని, "హా" అన్నడు. పెండ్లైనసంది ఆ మనిషి అంత సుఖపడ్డది నేను చూడలే.

ఆ చెంబు ఇచ్చిన చెయ్యి నాదే. తప్పో ఒప్పో చెప్తమని వచ్చినోళ్లను నేను కూసోమనలే. ఆయన మల్ల దవాఖానకు పోలే. ఒళ్లు ఉబ్బింది, ఊపిరి బరువైంది, మనుషులను గుర్తు పట్టుడు బందైంది. రోజు ఒక పేజీ తెరిచి చదివి వినిపిచ్చిన. బర్రె గురించి చదివిన, కోటు గురించి చదివిన. వింటున్నడో లేదో ఎవరికి తెల్సు. వారం గడవకముందే పోయిండు.

"నేను ముందే చెప్పిన," అన్నది ఆడబిడ్డ, పీనుగు కాడనే. మాటకు మాట అనేది మమ్ములను చూసి నవ్వేటోడు ఉన్నప్పటి సంగతి.

కార్డులు కొడుకు అచ్చేయించి తెచ్చిండు. ఒకటి నా చేతుల పెట్టిండు. గడప మీద కూసోని చదివిన. ఇప్పుడు తడబాటు లేదు, మాటలన్ని గవే, పేరే మారింది. ఫోటో చూసిన. మొకం తెల్లగ చేసిండ్రు. కింద నల్ల కోటు, ఎర్ర టై.

చింపలే. పొయ్యి ముట్టించి లై చేసిన. బుక్కు తెరిచి, కార్డు పక్కన పెట్టుకోని, తెల్ల పెన్సిల్ పట్టుకున్న. కోటు గురించి రాయాలె. రాసేది గూడ తెల్సు, ఆయన అన్నదే. కని ఎవరి కోసం రాయాలె? ఎవరిని లేపాలె?

అట్లనే కూసున్న. లై ఎండి గిన్నెకు పట్టింది. నీళ్లు పోసి నానబెట్టకుండ, గోరుతోని గోకుకుంట కూసున్న.