పొయ్యి మీద గవాక్షి

పుంగనూరులో ఈ మిద్దె కట్టినప్పుడు, వంటింటి కప్పులో పొయ్యికి నేరుగా ఒక గవాక్షి పెట్టిస్తానని మా ఆవిడకు మాట ఇచ్చాను. పొగ పైకి పోతుంది, వెలుగు లోపలికి వస్తుంది. పాతికేళ్లయినా ఆ మాట నిలుపుకోలేదు. నేను కూర్చుని పుస్తకాలు చదివే చోట మాత్రం ఆ ఏడే ఒకటి పెట్టించుకున్నాను.

ఈ రోజు వంటింట్లోనూ పెట్టించాను. అదీ ఆమె మీద దయతో కాదు. యుద్ధం వల్ల కిరసనాయిలు దొరకడం లేదు, మా వంటింట్లో పగలు కూడా దీపం కావాలి. సోమల నుంచి వచ్చిన మేస్త్రీ చెంగప్ప మధ్యాహ్నం అన్నాల వేళకే పని ముగించి, "ఒక పూట పని గదప్పా, యాల ఇన్నేండ్లు ఆగితివి?" అన్నాడు.

పొగకు కళ్లు దాదాపు పోయిన మా ఆవిడ పొయ్యి ముందు చెయ్యి చాపి చూసుకుంది.

"ఎండ ఈడ పడతాండాది గదా? వెచ్చగా ఉండాది" అని నవ్వింది. "ఇంక పప్పులో రాయొస్తే సీకటి మింద సెప్పేదానికి లేదు నాకు."

ఒక్క పూటలో అయ్యే పనిని ఏళ్ల తరబడి ఆపినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, తోడున్నారనుకుంటాను.

తప్పు నాదే. కానీ పొయ్యి మీద కప్పుకు బొక్క పెడితే ఇంటికి అరిష్టమని ఆనాడు నా చేతికి సాకు అందించినవాడు ఆమె సొంత అన్న, మా బావ రంగప్ప.