కేసు తేలేదాకా చెవి ఆగదు

సముద్రం నడిమి దీవుల్లోని ప్రోతరాపూర్‌లో అసిరమ్మ చేపల బుట్ట దించిందంటే పక్క వీధికి కూడా తెలుస్తుంది. గొంతు అలాంటిది. ఇంకో దీవిలోని రంగత్‌లో పుట్టి, పెళ్లయి ఇటొచ్చి, మొగుడు పోయాక ఆ గొంతుతోనే సంసారం ఈదింది. తాతలనాటి శ్రీకాకుళాన్ని ఎన్నడూ చూడలేదు గానీ, కోపమొస్తే మాట మాత్రం అక్కడిదే.

కూతురూ అల్లుడూ స్కూటర్ ప్రమాదంలో పోయాక ఆ కోపం చల్లారింది లేదు. మనవరాలు గౌతమి నాకంటే నాకని అసిరమ్మా, పిల్ల బాబాయి కన్నారావూ కోర్టుకెక్కారు. అది తేలేదాకా పిల్లని ఒక పిల్లల హోమ్‌లో ఉంచారు.

ఒక ఆదివారం చూడబోతే గౌతమి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. "గౌతమీ!" అని పిలిచింది అసిరమ్మ. అక్కడున్న పిల్లలంతా తిరిగి చూశారు, గౌతమి తప్ప. దగ్గరికి తీసుకుంటే రెండు చెవుల్లోనూ చీము, కుళ్లు వాసన. వార్డెన్ని అడిగితే జలుబంది. అసిరమ్మకి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు బేరం మానుకుని, హోముల మీద ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకి పోయింది. అక్కడి గోపినాథ్ తెలుగువాడని తెలిసి ప్రాణం లేచొచ్చింది. తప్పు కూడా అక్కడే చేసింది. కోర్టు పేరు చెబితే ఎంతటి ఆఫీసరైనా దడుచుకుంటాడని వాళ్ల వాడలో అందరికీ ఒక నమ్మకం. అందుకని చెవి మాటకంటే ముందు కోర్టు మాట ఎత్తింది.

"బాబూ, మా పాప కేసు కోర్టులో నడస్తంది. హోమోళ్లు చెవికి దవా కూడా ఎయ్యట్లేదు..."

గోపినాథ్ పెన్నుకి మూత పెట్టేశాడు. "కోర్ట్‌లో ఉందా? అయితే శికాయత్ తీసుకోం పెద్దమ్మా. రూల్ అది. కేస్ ఖతమ్ అయ్యాక రా."

"కేసు ఆగుద్ది బాబూ. చీము ఆగుద్దేటి?"

"నేనేం చెయ్యను? అక్కడే చెప్పుకో."

అక్కడ చెప్పబోతే తన లాయరే నోరు మూయించాడు. కోర్టులో తేలాల్సింది పిల్ల ఎవరి దగ్గరుండాలన్నదేనట, చెవి సంగతి ఆఫీసుదట. ఒకే తగువు రెండు చోట్ల తీర్చకూడదన్న రూలు మంచిదే కావచ్చు. పిల్ల ఎవరిదన్నది తగువు. చెవిలో నాలుగు చుక్కల మందెయ్యడం తగువెలా అయింది? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చే ఈ పెద్దమనుషులకి పిల్లలు లేరా?

మళ్లీ ఆదివారం అసిరమ్మ ఎవర్నీ అడగలేదు. గౌతమి చెయ్యి పట్టుకుని గేటు దాటించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు చూసి తల పట్టుకున్నాడు. కుడి చెవి మందులతో బాగుపడొచ్చన్నాడు. ఎడమ చెవికి వినికిడి చాలావరకూ పోయిందని, ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేదని చెప్పాడు. ఆ మాటకి అసిరమ్మ ఏడవలేదు, పళ్లు కొరికింది.

సాయంత్రం పిల్లని తిరిగి హోమ్‌కి తెచ్చేసరికి గోపినాథ్ వార్డెన్ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అనుమతి లేకుండా పిల్లని తీసుకుపోయిందని వార్డెన్ ఇచ్చిన కాగితం అతని చేతిలో ఉంది.

"కోర్టులో ఉంటే శికాయత్ తీసుకోనన్నావు కద బాబూ?" అంది అసిరమ్మ.

గోపినాథ్ తలెత్తలేదు. "ఇది నీ మీద కదా పెద్దమ్మా," అని పెన్ను మూత తీశాడు.