పెద్దసారు చింపించిన ముందుమాట

సభ మధ్యలో పెద్దసారు మైకు పట్టుకుని, తాను రాసిన ముందుమాటను పుస్తకంలోంచి చింపెయ్యమన్నాడు. ఒక్క ప్రతిలోంచి కాదు, బల్ల మీద కట్టలుగా ఉన్న అన్నింటిలోంచి. పుస్తకం అనువదించిన ఆమె వేదిక మీదే కూర్చుని ఉంది. అప్పుడే కప్పిన శాలువా ఆమె భుజాల మీదే ఉంది.

కరీంనగర్‌లో పుస్తకావిష్కరణలకు మొదట విలేకరిగా వెళ్లాను, ఉద్యోగం మానేశాక అలవాటుగా వెళ్తున్నాను. రంగు కాగితం విప్పుతారు, ఫొటో కోసం పుస్తకాన్ని గుండెలకు ఆనించి నిలబడతారు, ముఖ్య అతిథి చేతిలో నిర్మల్ బొమ్మ పెడతారు. మాట్లాడేవాళ్లు ముందుమాట చూసి మాట్లాడతారు. ముందుమాట రాసేవాళ్లు అట్ట చూసి రాస్తారు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ బాధపడరు.

పెద్దసారు రిటైరైన తెలుగు లెక్చరర్, ఊళ్లో రచయితల సంఘానికి అధ్యక్షుడు. జిల్లాలో ఎవరు పుస్తకం వేసుకున్నా మొదటి పేజీల్లో ఆయన ఉండాలి. అనువాదకురాలు ఆదిలాబాద్‌లో కొన్నాళ్లు, తర్వాత ఇక్కడ డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పింది. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు సాయంత్రం తరగతులకు వెళ్లి జర్మన్ నేర్చుకుంది. రిటైరయ్యాక ఒక జర్మన్ కవయిత్రి పద్యాలు పట్టుకుని తెలుగు చేస్తూ కూర్చుంది. ఆమె జీవితంలో వేసిన పుస్తకం అదొక్కటే.

ఆ కవయిత్రి ఊరు యుద్ధం తర్వాత పరాయి దేశంలో కలిసిపోయింది. ఆ ఊరి సందులు, నది, చేపల అంగడి వాసన, అన్నీ చచ్చేదాకా రాసింది. ఊరు పోకముందు అదే చేత్తో తన దేశపు నియంతను దేవుడిని పొగిడినట్టు పొగిడింది. యుద్ధం ముగిశాక చాలా ఏళ్లు బతికింది. ఆ నియంత చంపించిన యూదుల గురించి ఒక్క పద్యం రాయలేదు, తప్పు చేశానని ఎక్కడా అనలేదు. జర్మన్లలో ఆమె పేరెత్తితే ఇప్పటికీ తగాదా.

ఇలాంటి మనిషిని ఎందుకు ఎంచుకున్నారని నేను ముందే అడిగాను. అనువాదకురాలు పుట్టిన ఊరు మానేరు డ్యాం నీళ్ల కింద ఉంది.

"మునిగిన ఊరి గురించి గట్ల రాసినోళ్లు నాకింకెవ్వరు దొరకలే," అంది. "మంచామె దొరికితె గీమెను వట్టకపోదును."

ఇక సభ. పెద్దసారు ముందుమాటలో ఆ కవయిత్రిని పీడితుల గొంతు అని రాశాడు. వేదిక మీద అదే చదివాడు. వెనక వరుసలోంచి ఒక లాయర్ ఫోన్ చూసుకుంటూ లేచాడు.

"సార్, గామె నియంతకు హారతి వట్టిందని గీడ ఉన్నది. మీరేమో పీడితుల గొంతంటుండ్రు. ఏ పీడితులు?"

హాలంతా నవ్వింది. పెద్దసారు లాయర్ వైపు చూడలేదు, ఆమె వైపు తిరిగాడు. తనకెందుకు చెప్పలేదని అడిగాడు.

"చెప్పిన సార్. మీ ముందుమాట ఎనుకనే నేను రాసిన నాలుగు పేజీలున్నయి. ప్రూఫుల గూడ పంపిన."

పుస్తకం ఆయన చేతిలోనే ఉంది. ఆ పేజీ తిప్పలేదు. మైకు దగ్గరికి జరిగి, తనను మోసం చేశారని, తన రాత తనకు కావాలని అన్నాడు. ముందు వరుసలో ఆమెతో పాతికేళ్లు పనిచేసిన ఒకాయన, "ఊరుతోని బుద్ధి గూడ మునిగిందా అక్కా?" అన్నాడు. ఈసారి నవ్వు ఎక్కువసేపు సాగింది.

సంఘం వాళ్లు బల్ల చుట్టూ చేరి చిక్కుడుకాయలు ఒలిచినట్టు చింపడం మొదలుపెట్టారు. పదికాలాలు ఉండాలని ఆమె పట్టుబట్టి కుట్టు బైండింగ్ చేయించింది. ఆ బైండింగ్‌లో ఒక్కో కాగితం మధ్యకు మడతపడి రెండు ఆకులవుతుంది. ఒకటి లాగేస్తే దాని జత దారం పట్టు తప్పి ఊడుతుంది. పెద్దసారు ముందుమాట అయిదు నుంచి ఎనిమిదో పేజీ దాకా. వాటి జత ఆకులు తొమ్మిది నుంచి పన్నెండు. అవి ఆమెవి.

ఆమె వేదిక దిగి వచ్చింది.

"గవి నావి. గవి చింపకుండ్రి."

"మేం చింపుతలేం మేడమ్," అన్నాడొకాయన. "అవే ఊడుతున్నయి."

అది నిజమే. ఆమె కుర్చీల కింద వంగి కాగితాలు ఏరుకుంది. శాలువా జారిపోయింది. సంఘం కార్యదర్శి దాన్ని తీసి, దుమ్ము దులిపి, మడతపెట్టి కవర్లో పెట్టుకున్నాడు. వచ్చే నెల ఇంకో సభ ఉంది.

ఏరుకున్నవాటిలోంచి ఒక జత నాకిచ్చింది. బస్టాండు హోటల్లో కూర్చుని చదివాను. కవయిత్రి ఏం రాసిందో, ఏం రాయకుండా ఉండిపోయిందో అన్నీ అందులో ఉన్నాయి. చివర, "ఈమెను క్షమించమనడం లేదు, చదవమంటున్నాను. ఇష్టం లేనివారు ఇక్కడే మూసెయ్యండి," అని ఉంది.

మర్నాడు పత్రికల్లో ఆమె నిజం దాచిపెట్టిందని వచ్చింది. నేను పనిచేసిన పత్రిక డెస్క్‌కు ఫోన్ చేస్తే, పుస్తకంలో ఉంటే చూపించమన్నారు. ఏ పుస్తకంలోనూ లేదు. విడి కాగితాలు చూపిస్తే, వాటిని ఎప్పుడైనా అచ్చు వేయించుకోవచ్చు కదా అని సభలో లేచిన లాయర్ అన్నాడు. ప్రెస్సు యజమాని సంఘంలో సభ్యుడు. ఆ పేజీలు పుస్తకంతోపాటే అచ్చయ్యాయని చెప్పమంటే, తనను ఇందులోకి లాగొద్దని నాకు టీ తాగించి పంపాడు. ఆమె సభలకు రావడం మానేసింది. పిలిచేవాళ్లూ లేరు.

కొన్ని నెలలకు హుజూరాబాద్‌లో మరో సభ. ఒక వివాదాస్పద కవి గురించి పెద్దసారు మాట్లాడాడు. "క్షమించుమంటలేను, సదువుమంటున్న," అని ఆగాడు. జనం చప్పట్లు కొట్టారు. బయట కలిసినప్పుడు, ఆమె పేజీలు సభకు ముందు చదివారా, తర్వాతా అని అడిగాను. ఆయన నవ్వి, నా ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగి కారెక్కాడు.

ఆయన ఎప్పుడు చదివాడో నాకు ఇప్పటికీ తెలియదు. జిల్లా గ్రంథాలయంలో ఉన్న ప్రతిలో నాలుగో పేజీ తర్వాత పదమూడో పేజీ వస్తుంది.