మా మామ ఒంటిచేతి ఆట

మా మేనమామ పోయాడని మొన్న మంగళవారం పొద్దున బెల్లంపల్లి నుంచి ఫోను వచ్చింది. ఏళ్లనాటి దగ్గు ఆయాసమై, ఆయాసం మంచాన పడేసి, చివరికి నిద్రలోనే తీసుకుపోయింది. కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సు కోసం కూర్చున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, అలసట వచ్చింది. ఒక్కొక్క మనిషే పోతున్నాడు, ఒక్కొక్క బొగ్గుబాయే మూతపడుతోంది. దేనికని ఏడవను?

ఆయన బొగ్గుబాయిలో ఓవర్‌మన్. ఒక షిఫ్టులో భూమి లోపల పనిచేసేవాళ్ల బాగోగులన్నీ ఆయనవే. పైకొచ్చాడంటే టెన్నిస్. ఆఫీసర్ల క్లబ్బులో ఒకసారి ఆటకు నాలుగో మనిషి తక్కువై ఆయన్ని పిలిచారు. ఆ తర్వాత ఆయన లేకుండా అక్కడ ఆట సాగలేదు. డెబ్బయ్యో దశకంలో, ఓణీ వేసుకునే వయసులో ఉన్న నన్ను ఆ కోర్టులోకి తీసుకెళ్లింది కూడా ఆయనే. మా అమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా చెల్లెలి మాట వినలేదు.

అది పేడతో అలికిన కోర్టు. ఆడవాళ్లు ఇంటి వాకిలి అలికినట్టే అలికి, సున్నంతో గీతలు గీసేవారు. సాయంత్రానికి దాని మీద బొగ్గుధూళి పరుచుకునేది. బంతి తెల్లగా వెళ్లి నల్లగా తిరిగొచ్చేది.

ఎడమపక్కకు వచ్చిన బంతిని కొట్టే బ్యాక్‌హ్యాండ్‌ను మామ ఒంటిచేత్తో కొట్టేవాడు. అప్పట్లో దాదాపు అందరూ అంతే. కాకపోతే మిగతావాళ్లు ఎడమచేత్తో రాకెట్టు మెడ పట్టి వెనక్కి తీసుకెళ్లి, కొట్టే ముందు వదులుతారు. మామ అసలు పట్టుకునేవాడే కాదు. బాయిలో కుడిచేత కర్ర, ఎడమచేత గ్యాసు పరీక్షించే దీపం పట్టుకుని నడిచిన మనిషి. కోర్టులోనూ ఆ ఎడమచెయ్యి దీపం పట్టుకున్నట్టే తొడ పక్కన కదలకుండా ఉండేది. అది తప్పని ఆయనకు తెలియదు, ఆయన దగ్గర ఆట నేర్చుకున్న పిల్లలెవరికీ తెలియదు. మా ఎడమచేతుల్లో నీళ్ల చెంబు పెట్టి మరీ నేర్పాడు.

"దీపం పట్టిన చెయ్యి ఆగమాగం గావద్దు బిడ్డా. అది నిలవడితెనే ఇది కొడ్తది" అనేవాడు.

చెంబు తొణికితే మళ్లీ మొదటికి. తర్వాత కరీంనగర్ పోటీలకు వెళ్తే, మా ఎడమచేతులు చూసి బెల్లంపల్లి పిల్లలని దూరం నుంచే పోల్చుకుని నవ్వేవారు. నవ్వినవాళ్లలో చాలామంది ఓడిపోయారు కూడా. ఆ మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఇళ్లల్లోకి టీవీలొచ్చాక, పెద్ద పోటీలు చూపిస్తే కదలకుండా కూర్చునేవాడు. ఏటేటా బ్యాక్‌హ్యాండ్ రెండుచేతులా కొట్టేవాళ్లు పెరుగుతుంటే ఆయన ముఖం వాడేది. ఎవరైనా ఒంటిచేత్తో కొడితే చాయ్ సాసరు కింద పెట్టి, "ఉన్నడు, ఇంకొకడున్నడు" అనేవాడు, తప్పిపోయిన చుట్టం కబురు తెలిసినట్టు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అని అత్త దెప్పితే, అవునని తలూపి మళ్లీ టీవీ చూసేవాడు.

మా అమ్మాయికి ఆట నేర్పమని నేనే సెలవులకు పంపాను. చెంబుతో సహా అంతా నేర్చుకుంది. కానీ ఇప్పటి పిల్లలు బంతిని భుజం దాటి లేచేలా కొడుతున్నారు. అంత ఎత్తు బంతికి దాని ఒంటి చెయ్యి చాలడం లేదు. రెండు చేతులకు మారకపోతే సెలక్షన్ల ఆశ వదులుకోమని ఇక్కడి కోచ్ తేల్చి చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మామ ఆట నాతో ఆగిపోకుండా ముందుకు పోవాలంటే మిగిలింది ఈ పిల్ల ఒక్కతే.

పోయినేడు మామ కరీంనగర్ వచ్చి దాని ఆట చూశాడు. ఎదుటి పిల్ల అన్నీ ఎత్తు బంతులే వేసింది. మా అమ్మాయి ఓడిపోయి, ఏడుస్తూ వచ్చి సిమెంటు మెట్ల మీద ఆయన పక్కన కూలబడింది. దాని మణికట్టు వాచి ఉంది. మామ ఆ వాపును బొటనవేలితో తడిమాడు.

"రెండో చెయ్యి గూడ పెట్టు బిడ్డా" అన్నాడు.

నేనుండబట్టలేకపోయాను. "గట్లంటవేంది మామా? నీ ఆట ఇగ ఎవలు ఆడుతరు?"

"మన పేడ కోర్టుల బంతి మోకాలు దాటకపాయె. ఇప్పుడు నెత్తి మీదికెల్లి వస్తున్నది. ఆట పోతే పోనీ, పిల్ల చెయ్యి ఖరాబు గావద్దు."

అంత తేలిగ్గా ఎలా వదిలేశాడా అని నాకు కోపం వచ్చింది. తర్వాతి నెల బెల్లంపల్లి వెళ్తే ఇంట్లో లేడు, క్లబ్బుకు పోయాడంది అత్త. క్లబ్బులో ఎవరూ లేరు. నెట్టు ఎప్పుడో పోయింది, కోర్టు నిండా గడ్డి. వెనక ప్రాక్టీసు గోడ దగ్గర మామ ఒక్కడే ఉన్నాడు, రెండు చేతులా రాకెట్టు పట్టుకుని.

బంతి ఒకటి గోడ దాటింది, ఒకటి పాదానికి తగిలింది. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"సెలవులకు పిల్లొస్తది గదా. నాకే రానిది ఎట్ల జెప్పాలె?"

దగ్గు ఆగేదాకా గోడకు ఆనుకున్నాడు. గడ్డిలోంచి బంతి ఏరుకొచ్చాడు. పైన ఏ చెయ్యి ఉండాలో, కింద ఏ చెయ్యి ఉండాలో ఒకసారి చూసుకుని, మళ్లీ గోడకు ఎదురుగా నిలబడ్డాడు.