రంగు దిగిన రెక్క

మా పెదనాన్నకు సంచౌంగ్ బజారులో బట్టల కొట్టు ఉండేది. రంగు నిలుస్తుందో లేదో చూడడానికి బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని బట్టను నలిపేవాడు. కొట్లోనే కాదు, పెళ్లిళ్లలో పరాయి ఆడవాళ్ల చీర కొంగునూ వదిలేవాడు కాదు. చూస్తే నాకు ఒళ్లు జలదరించేది.

ఒక ఆదివారం నన్ను బగో తీసుకెళ్లాడు. పాత రాజుల ఊరంతా చూసి తిరిగి వస్తుంటే, వాగు ఒడ్డున తడి ఇసుక మీద వలసపోయే పసుపు సీతాకోకచిలుకలు వందలుగా వాలి ఉన్నాయి. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆయన వేలు తడి చేసుకుని, వంగి, ఒకదాని రెక్క పట్టి నలిపాడు.

"సూసినావేటే? రంగు దిగిపోతంది. నాసిరకం సరుకు."

"ఏటి పెదనాన్నా, అది సచ్చిపోదేటి?"

ఆయన నవ్వి, ఉమ్మిలో కలిసిన ఆ పసుపు పొడిని, ఈ దేశపు ఆడవాళ్లు బుగ్గలకు పూసుకునే తనకా గంధంలా నా చెంపకు రాశాడు. చితికిన రెక్కతో అది ఇసుకలో గిరగిరా తిరుగుతోంది. ఇంటికొచ్చి చెంప ఎర్రబడేదాకా సబ్బుతో తోముకున్నాను.

ఇప్పుడు ఆ కొట్లో నేనే కూర్చుంటున్నాను. కొత్త తాను విప్పగానే నా బొటనవేలు దానంతటదే నాలుక మీదికి పోతుంది. బయటికి వెళ్లి ఉమ్మేసి వచ్చి, ఆ వేలితోనే బట్ట నలుపుతాను.