పక్కింటామె ప్రశ్న

ఆదివారం పొద్దున ఏడు నుంచి పది దాకా నేను మా బాపు పాల దుకాణంలో కూర్చుంటాను. పాలు పోయడానికి కాదు. ఆ పని డెబ్బై దాటినా బాపు ఎవరికీ ఇవ్వడు. గల్లా పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ల కోర్టు ప్రశ్నలకు జవాబులు చెప్పడం నా పని. ఫీజు లేదు. వకీలు సనదు చేతికొచ్చిన వారమే బాపు అన్నాడు: "ఈ గల్లీలోళ్లు పాలు కొంటేనే నువ్వు చదివినవు. వారానికి మూడు గంటలు వాళ్లకియ్యి." ఇచ్చాను. ఇప్పటికీ ఇస్తున్నాను. ఇప్పుడు ఫోన్లో వాయిస్ మెసేజీలు పెట్టేవాళ్లూ ఉన్నారు కానీ, అసలైన ప్రశ్న మాత్రం పాల గిన్నెతోనే వస్తుంది.

కిరాయిదారు ఖాళీ చేయడం లేదు. ఆధార్‌లో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. పక్కోడు గోడ కట్టేటప్పుడు మూరెడు ఇటు జరిగాడు. అన్నీ ఇలాంటివే. బార్కస్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఉర్దూలో అడుగుతారు, కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు మధ్యమధ్య ఇంగ్లీషు కలుపుతారు. భాష ఏదైనా పద్ధతి మాత్రం ఒక్కటే. మా బస్తీలో ఎవరికీ ఏ తగాదా ఉండదు. ఉన్న తగాదాలన్నీ పక్కింటివాళ్లవే. విడాకులు కావలసినవాడు "మా దోస్తు ఒకడున్నడు" అని మొదలుపెడతాడు. చెంప మీద వాతతో వచ్చిన ఆడమనిషి కొంగు అడ్డం పెట్టుకుని "మా పక్కింటామెకు" అంటుంది. నేను ఆ వాత చూస్తూనే పక్కింటామెకు జవాబు చెబుతాను. అడిగినవాళ్ల పరువు దక్కుతుంది, జవాబూ అందుతుంది. అందుకే ఎవరికని నేను అడగను. అది మర్యాద అనుకున్నాను. అలా అడగకపోవడం వల్ల పని కూడా తొందరగా అయ్యేది, ఆ సంగతీ ఒప్పుకోవాలి. చెంబులో పాలు పడేలోపు జవాబు చెప్పేస్తానని నాకు లోలోపల కాస్త మిడిసిపాటు కూడా ఉండేది.

ఒకామె కోవా చేసి మిఠాయి దుకాణాలకు వేస్తుంది. నలభై ఐదేళ్లుంటాయి. రోజూ మా దగ్గర పది లీటర్లు తీసుకుంటుంది కానీ, నాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడింది లేదు. ఒక ఆదివారం డబ్బా కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"అక్కా, మా పక్కింటామె ఒకామె ఉన్నది. ముసలామె, పిల్లల్లేరు. తనను అరుసుకుంటున్న మనిషికి ఇల్లు హిబా జేస్తనంటున్నది. నోటి మాటతోనే అయితదంట. నిజమేనా?"

హిబా అంటే ముసల్మాన్ల పద్ధతిలో ఇచ్చే దానం. ఆ మాట వినగానే నా తలలో ఒక ఇల్లు తయారైపోయింది. వాకిలికి వేలాడే పరదా, లోపల తస్బీ పూసలు తిప్పుకుంటున్న ముసలామె, పక్కన ఎవరో దూరపు చుట్టం. ఆమె ఉండే గల్లీలో సగానికి పైగా అలాంటి ఇళ్లే. ఇంకేం అడగలేదు.

"నిజమే," అన్నాను. "మూడు జరగాలె. ఇచ్చిన అని ఆమె నలుగురి ముందట చెప్పాలె. తీసుకున్న అని ఈమె అనాలె. ఇల్లు అప్పజెప్పాలె. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు."

"అప్పజెప్పుడంటే ఎట్లక్కా?"

"తాళాలు చేతిల పెట్టాలె. ఇగ ఆనాటి సంది ఆ ఇల్లు ముసలామెది గాదు. అండ్లనే ఉన్నా మెహమాన్ తీరు, చుట్టం లెక్క ఉండాలె. పెత్తనం జేసిందంటే, ఇయ్యనేలేదని రేపు ఎవరన్న లొల్లి వెడ్తరు."

ఆమె తలూపి, ఆ మూడింటినీ వేళ్ల మీద ఒకసారి లెక్కపెట్టుకుని, డబ్బా ఎత్తుకుని వెళ్లిపోయింది. నా వెనక ఇంకా ఆరుగురున్నారు. నేను ఆ సంగతి ఆ పూటే మరిచిపోయాను.

ఏడాది తర్వాత మళ్లీ నా కుర్చీ దగ్గరికి వచ్చింది. పక్కింటామె ఇంటి పన్ను కాగితాల మీద పేరు మార్చమంటే ఆఫీసులో డాక్యుమెంటు నంబరు అడుగుతున్నారట. "గీ కాయితం జూపెడితే నవ్విండ్రక్కా," అంటూ కవరులోంచి ఒక స్టాంపు కాగితం తీసింది. ఉర్దూలో, కింద తెలుగులో రాసి ఉంది. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, నలుగురు సాక్షులు, అన్నీ నేను చెప్పినట్టే పొల్లుపోకుండా. నేను పేర్లు చదివాను. ఇచ్చినామె పేరు మా అమ్మమ్మ పేరు లాంటిది, హిందువుల పేరు. పుచ్చుకున్న పేరు, నా ఎదురుగా నిలబడ్డ మనిషిది.

నోటిమాటతో ఇల్లిచ్చే వెసులుబాటు చట్టం ముసల్మాన్లకే ఉంచింది. మిగిలినవాళ్లు ఇల్లు దానం చేయాలంటే రిజిస్టరైన పత్రం ఉండాలి. అది లేకపోతే ఎంతమంది సాక్షులున్నా ఆ దానం జరగనట్టే. కానీ మూడు తరాలుగా ముసల్మాన్ల మధ్య బతుకుతున్న వీళ్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? పక్కింట్లో పెళ్లయితే వీళ్లింట్లో పొయ్యి వెలగదు, వీళ్లింట్లో చావైతే పక్కింటివాళ్లు వంట పంపిస్తారు. పక్కింటి పెద్దాయన తన కూతురికి హిబా చేసి ఇల్లిచ్చాడు, ఏ తగాదా రాలేదు. తనకూ అదే సరిపోతుందని ముసలామె అనుకుంది. నిజమేనని వకీలు కూడా చెప్పింది.

"నీదే అని ముందుగల్ల చెప్తే ఏమైతుండె నీకు?" అని అరిచాను. తప్పు నాదని తెలిసినప్పుడు నా గొంతు ఇంకా పెద్దదవుతుంది. చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం అది.

"మీరు అడగలే గదక్కా," అందామె, మెల్లగా.

బాపు పాలు పోయడం ఆపాడు. "ఆమె మీద ఒర్రుతవేందే? ఏ బర్రెకో అడగకుండ పశువుల డాక్టరు సూది ఏస్తడా?" అన్నాడు. దుకాణం ముందు నిలబడ్డవాళ్లంతా నన్నే చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ముసలామె ఆమెకు పెద్దమ్మ, తల్లికి అక్క. మొగుడు వదిలేస్తే ఈమె పదిహేనేళ్ల కింద వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆ రెండు గదుల ఇల్లు పెద్దమ్మ బర్రెలు మేపి, పిడకలు చరిచి తన పేరున కొనుక్కున్నది. కాగితం లేకుండా పెద్దమ్మ కన్నుమూస్తే ఆ ఇల్లు ఈమెకు రాదు. చట్టం దాన్ని చచ్చిపోయిన భర్త తరఫువాళ్ల చేతిలో పెడుతుంది. ఎనభై దాటిన ప్రాణం, రెండుసార్లు ఆస్పత్రి పాలైన గుండె. అఫ్జల్‌గంజ్‌లో దుకాణం ఉన్న మరిది కొడుకులు మొన్న దసరాకు మొదటిసారి వచ్చి, జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కి, ఇంటికి నాలుగు వైపులా ఫోటోలు తీసుకుపోయారట.

పది గంటల దాకా ఆగలేదు. తెల్లకాగితాలు, పెన్ను, ఇంకు ప్యాడు తీసుకుని ఆమె వెంట నడిచాను. వీలునామాకు స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు, ఒక వేలిముద్ర. అరగంట పని అనుకున్నాను.

ముసలామె ముందు గదిలో లేదు. ఒకప్పుడు బర్రెలను కట్టేసిన రేకుల కొట్టంలో మంచం వేసుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది. "బిడ్డా, వకీలమ్మకు జర చాయ్ పెట్టిస్తవా? నీకు పనుంటే వద్దుతీ," అంది కోవా చేసే ఆమెతో. ఎంత నెమ్మదైన మనిషి అనుకున్నాను.

కింద కూర్చుని, తప్పు నాదేనని ముందే చెప్పేశాను. "అవ్వా, నువ్వు నోటితోని ఇచ్చింది చట్టంల చెల్లదు. ఇల్లు ఇంకా నీ పేరు మీదనే ఉన్నది. నా తర్వాత ఇల్లు ఈమెకు అని ఒక ముక్క రాసి వేలు పెడితే చాలు."

"నాది గాని ఇల్లు నేనెట్ల రాసిస్త బిడ్డా?"

"నీదేనవ్వా."

"నలుగురి ముందట ఇచ్చిన. ఖర్జూరపండ్లు పంచిన. తాళాలిచ్చి, ఒక దినమంత పక్కింట్ల కూసొని, చుట్టం తీరు మళ్లొచ్చిన. ఇప్పుడు గిది నా ఇల్లు అని కాయితం మీద వేలు పెడితే, ఇచ్చింది అబద్ధమే గదా? చచ్చే ముందట నాతోని అబద్ధం ఆడిపిస్తవా?"

చట్టం చెప్పాను. బతిమాలాను. చివరికి కోపం కూడా వచ్చింది. మరిది కొడుకులు ఈమెను రోడ్డు మీదికి గెంటేస్తారని బెదిరించాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ చెయ్యి మాత్రం చాచలేదు. మా గొంతులు విని పక్కింటి పెద్దాయన చేతికర్ర పట్టుకుని వచ్చాడు. ఎప్పుడో నిజాం కాలంలో వచ్చి స్థిరపడ్డ అరబ్బుల వంశం వాళ్లది. ఆ రోజు సాక్షుల్లో మొదటివాడు ఆయనే. సంగతి విని మండిపడ్డాడు.

"మేరా దియా సో పక్కా, ఇనో దియే సో కచ్చా? ఏక్ గల్లీ మే దో కానూన్ కైసే, వకీలమ్మా?"

నేనిచ్చింది చెల్లినప్పుడు ఈమె ఇచ్చింది ఎందుకు చెల్లదని, ఒక్క గల్లీలో రెండు చట్టాలేమిటని ఆయన అడుగుతున్నాడు. కోర్టులో ఎవరైనా అడిగితే గడగడా చెప్పేదాన్ని. ఆ కొట్టంలో మాత్రం తెల్లకాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

అప్పటిదాకా గుంజకు ఆనుకుని నిలబడ్డ కోవా చేసే ఆమె ముందుకొచ్చింది. బొడ్డు నుంచి తాళాల గుత్తి తీసి, పెద్దమ్మ మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"పెద్దమ్మా, ఇల్లు నాదే గదా?"

"నీదే."

"అయితే నేను నీకిస్తున్న. చాచా, మీరు గవా, సాక్షి. ఇల్లు మా పెద్దమ్మకు ఇచ్చిన. తీసుకో."

చట్టం ప్రకారం అక్కడ జరిగిందేమీ లేదు. తనది కాని ఇంటిని, ఆ ఇంటి సొంతదారుకే ఒక మనిషి ఇస్తోంది. కానీ ఆమెకు అది ఉత్తుత్తి ఇవ్వడం కాదు. తీసుకున్నాక పెద్దమ్మ మళ్లీ రాస్తుందో లేదో, రాసేదాకా ఆ గుండె ఆగుతుందో లేదో. ఉన్న ఒక్క నీడనూ అలా చేతిలో పెట్టేసింది.

ముసలామె పెద్దాయన వైపు చూసింది. ఆయన తలూపాడు. "తీసుకున్న," అంది.

నేను కాగితం తీసి గబగబా రాయడం మొదలుపెట్టాను. ముసలామె మాత్రం మంచం దిగి, గుత్తి పట్టుకుని ఇంట్లోకి నడిచింది. లోపల అల్మారీ తలుపు చప్పుడైంది. వెంటనే గొంతు లేచింది. అంత చిన్న ఒంట్లో అంత గొంతు ఉందని నేననుకోలేదు.

"గీ ఇత్తడి గిన్నెల నీళ్లు నిలవెట్టిందెవరే? కిలుం వట్టదా? దేవుని గూడు కింద చీపురు వెడ్తరా ఎవరన్న? కండ్లున్నయా నీకు? ఏడాది సంది జూస్తున్న, ఇల్లు ఇల్లు తీరున్నదా!"

కోవా చేసే ఆమె గడప పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఇల్లు పోయిందని బెంగపెట్టుకుందనుకున్నాను. "ఫికర్ జెయ్యకు, ఇప్పుడే రాస్తున్న, నీకే వస్తది," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "గందుకు గాదక్కా. ఇల్లిచ్చినప్పటి సంది పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలే. మంచం తీసి కొట్టంల ఏసుకున్నది. చాయ్ తాగాలన్నా నన్ను అడుగుడే. నా మీద మనసు ఇరిగిందనుకున్న."

మెహమాన్ తీరు ఉండాలని చెప్పింది నేనే. పాలు పడేలోపు చెప్పిన జవాబు. చట్టం ప్రకారం చెల్లని దానంలో అదొక్కటే చెల్లింది. ఏడాది పాటు ఆ ముసలామె తను కొనుక్కున్న ఇంట్లో చాయ్‌కి అనుమతి అడిగింది, ఈమె ఏ తప్పు చేశానా అని కుమిలింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

వీలునామా చదివి వినిపించాను. "నా ఇల్లు" అన్న చోట ముసలామె మారుమాట్లాడలేదు. "నేను పోయినంకనే గదా ఆమెకు?" అని ఒక్కసారి అడిగింది. పోయినంకనే అన్నాను. పెద్దాయన, ఆయన కేకేస్తే వచ్చిన ఎదురింటి టైలరు సాక్షి సంతకాలు పెట్టారు. ముసలామె వేలిముద్ర వేసి, నల్లబడ్డ బొటనవేలు పైకెత్తి పట్టుకుని, తుడుచుకోవడానికి గుడ్డ తెమ్మంది. కోవా చేసే ఆమె చేతికందిన తువాలు తెచ్చింది.

"కొత్త తువాలుకు తుడుస్తరానే, పిచ్చిదానా? పాత గుడ్డ తే పో," అని కసిరింది ముసలామె.

ఆమె కళ్లు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది.