బల్ల మీద నడిమి జాగా

భద్రాచలంలో మా అత్తమ్మ పోయిందని మొన్న పొద్దున ఎదురు కిరాణా కొట్టుకు ఫోనొచ్చింది. కొట్టాయన రోడ్డు దాటి వచ్చి చెప్పాడు. నిద్రలోనే పోయిందట. అప్పుడు నేను ఆమె పాలిష్ చేసిన బల్ల మీదే కూర్చుని చాయ్ తాగుతున్నాను. లేవబుద్ధి కాలేదు. ఒకప్పుడు ఇదే బల్ల మీద నుంచి లేవలేకపోయాను కూడా. ఆ సంగతి విడిచిపెట్టి ఆమె గురించి చెప్పడం నా వల్ల కాదు.

అత్తమ్మ అంటే మా ఇంటామెకు మేనత్త. తల్లీతండ్రీ లేని పిల్లను తనే పెంచింది. ఆమె భర్త వడ్రంగి. ఆయన పోయాక రంపం, బాడిస అమ్మేసింది గానీ పాలిష్ గుడ్డ మాత్రం ఉంచుకుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు ఉద్యోగాలకు వచ్చినవాళ్లు బదిలీ కోసం మొక్కుకునే రోజులవి. కాగితం చేతికొస్తే చాలు, మంచాలూ కుర్చీలూ వచ్చిన ధరకు వదిలించుకుని బస్సెక్కేవారు. ఒకాయన ఆ తొందరలో అత్తగారిని కూడా మరిచిపోయి వెళ్లాడని చెప్పుకునేవారు. మరిచిపోయాడంటే నేను నమ్మను.

ఆ సామాను అత్తమ్మ కొనేది. గాజుపెంకుతో పాత రంగు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, స్పిరిట్‌లో కరిగిన లక్కను గుడ్డతో అద్దుతూ మెరుగు పెట్టి అమ్మేది. గీకుతున్నంతసేపూ మాటలే.

"ఈ గుండ్రం మచ్చ చూసినవా? వేడి గిలాస పెట్టీ పెట్టీ అయింది. ఆ సారు పెండ్లాం ఎన్ని తిట్లు తిట్టిందో!"

ఎవరి మరకైనా సరే, తుదకంటా గీకేది. "కొన్నోళ్లకు ఎనకటోళ్ల గుర్తులు ఎందుకు?" అనేది.

ఇక మా పెళ్లి. మా నాయిన ఇల్లెందులో బొగ్గుబావి కార్మికుడు, మర్యాదల దగ్గర మాత్రం జమీందారు. ఒక పెళ్లిలో మంచినీళ్లు ఆలస్యమయ్యాయని మగపెళ్లివారినందరినీ లేపుకుని వచ్చేసిన మనిషి. ఆ కబురు అత్తమ్మ చెవిన పడింది. పందిట్లో ఏ చిన్న తేడా వచ్చినా ఆ దెప్పిపొడుపులు పిల్ల జన్మంతా పడాల్సి వస్తుందని ఆమె బెంగ.

చేతిలో ఉన్నది కొంచెం, చేయవలసింది పెళ్లి. "తినేకాడ తగ్గియ్యొద్దు బిడ్డా, చూసేకాడ తగ్గిద్దాం" అందట మేనకోడలితో. పందిరికి వెదుళ్లు అడవి నుంచే వచ్చాయి. విస్తళ్లు చర్ల పక్క పల్లెల ఆడవాళ్లు కుట్టిన అడ్డాకులవి. బ్యాండు లేదు, కిరాయి కుర్చీలు లేవు. బూరెలు మాత్రం వద్దు వద్దన్నా వడ్డించారు. నేను అప్పుడు తిన్నన్ని మళ్లీ ఎన్నడూ తినలేదు, తిననిచ్చినవాళ్లూ లేరు.

చదివింపుల వేళ వధూవరులు కూర్చోవడానికి ఒక ఆసనం కావాలి కదా. దుమ్ముగూడెంలో ఒక పాత బంగళా సామాను అమ్ముతుంటే ఈ బల్ల తెచ్చింది. పైన ఆకుపచ్చ రంగు, దాని కింద నీలం, ఆ కింద అసలైన టేకు. అంతా గీకింది. తీరా మెరుగు పెట్టేటప్పుడు మా నాయిన గుర్తొచ్చాడు. లక్క మెరుపు ఆయన కంటికి ఆనుతుందో లేదోనని ఖమ్మం నుంచి వార్నీషు డబ్బా తెప్పించి దట్టంగా పూసింది. చూసేకాడ తగ్గిద్దామన్న మనిషి అక్కడ ఒక్కచోటే ఆశపడింది. అసలే శ్రావణమాసం ముసురు. ముహూర్తం నాడు వేలితో తాకి చూస్తే ఆరినట్టే ఉందట.

మేమిద్దరం మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడంగా కూర్చున్నాం. చదివింపులు సాగి సాగి అయిపోయాయి. పంతులుగారు లేవమన్నారు. మా ఒంటి వేడికి వార్నీషు మెత్తబడి ఉంటుంది, పంచె రాలేదు. పక్కన పట్టుచీరా రాలేదు.

"లెవ్వవేందిరా?" అన్నాడు నాయిన.

"పట్టుకుంది నాయినా."

"ఏం పట్టుకుంది?"

"బల్ల."

పందిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాయిన మొహం ఎర్రబడింది. "ఏందిది? పిలిచి నవ్వులపాలు చేస్తున్రా? లెవ్వండి, పోదాం!" అన్నాడు. మావాళ్లంతా లేచి నిలబడ్డారు, నేను తప్ప. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తమ్మ కొబ్బరినూనె గిన్నెతో వచ్చింది. మా ఇద్దరి మధ్య ఎడమచెయ్యి ఆనించి వంగి, నూనె పోస్తూ పోగు తెగకుండా బట్ట విడదీయసాగింది. తల ఎత్తకుండానే అంది: "అన్నా, నువ్వు అందరిని లేపినవ్ గని, నీ కొడుకును మా బల్ల లేవనిస్తలేదు. దానికి పిలగాడు నచ్చిండు. నేనేం చెయ్యాలె?"

నాయిన మీసం కదిలింది. ఆ తర్వాత భుజాలు కదిలాయి. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను.

"అట్లయితే అక్కా, పిల్లతోటి బల్లను గూడ పంపు" అన్నాడు, కూర్చుంటూ.

అలా ఈ బల్ల మా ఇంటికొచ్చింది. ఒకవైపు నా పంచె నేత, ఇంకోవైపు మా ఇంటామె చీర అంచు మామిడిపిందెలు, నడుమ అత్తమ్మ ఎడమ అరచెయ్యి. మూడూ వార్నీషులో అచ్చుపడి అలాగే ఆరిపోయాయి. ఎన్నిసార్లు అడిగినా అత్తమ్మ గీకడానికి ఒప్పుకోలేదు. "ఊకో! ఇవి ఎనకటోళ్లవి కావు, మీవే" అనేది. వచ్చినప్పుడల్లా మమ్మల్ని చెరోవైపు జరిపి నడిమి జాగాలో కూర్చునేది. "అప్పటి ఎడం ఇంకా నేనే నింపాల్నా?" అని మాట విసిరేది.

గోదావరి ఒడ్డున అంతా అయ్యాక ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. ఇద్దరం అలవాటుగా ఈ చివరొకరం, ఆ చివరొకరం కూర్చున్నాం. కిటికీలోంచి ఏటవాలు ఎండ బల్ల మీద పడి, నడుమ ఆ పొట్టి వేళ్లు స్పష్టంగా కనబడ్డాయి. మా ఇంటామె తన అరచెయ్యి వాటి మీద పెట్టి చూసుకుంది. తర్వాత తీసేసి, వేళ్ల అచ్చుల్లో చేరిన దుమ్మును కొంగుతో మెల్లగా, ఒక్కొక్క వేలే తుడిచింది. మేమిద్దరం ఆ జాగాలోకి జరగలేదు.